నా వంతు ఆమీన్

పోయిన వారం ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక చేతులెత్తి దువాలో అల్లాని వేడుకుంటుంటే, పక్కన కూర్చున్న మనవరాలి పెదాల మీద నా చూపు పడింది. దువాలో చూపు అటూ ఇటూ పోకూడదంటారు. నా చూపు చిన్నప్పటి నుంచీ అంతే, చెప్పిన చోట నిలబడదు.

ఆ పూట నేను అడుగుతున్నది మా అమ్మాయి గురించి. బ్యాంకులో ఉద్యోగం. ప్రమోషన్ ఇచ్చి విశాఖపట్నం వేస్తారని అంటున్నారు, కాగితం ఇంకా చేతికి రాలేదు. నేను గుంటూరులో కొడుకు దగ్గర ఉంటాను. అమ్మాయి వాళ్లు రెండు వీధుల అవతల. మనవరాలు బడి వదలగానే నా దగ్గరికే వస్తుంది, వాళ్లమ్మ బ్యాంకు నుంచి వచ్చేదాకా నా కొంగు పట్టుకునే తిరుగుతుంది. ఆ కాగితం వస్తే ఇదంతా ఉండదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"అల్లా, నా బిడ్డ కోరుకున్నది ఇవ్వు" అన్నాను. మామూలుగా అయితే ఈపాటికి గోడలదిరేలా ఆమీన్ వినపడాలి. ఆ రోజు చప్పుడు లేదు. చూద్దును కదా, రెండు పెదాలూ లోపలికి మడిచి పళ్లతో బిగపట్టుకుని, బుద్ధిమంతురాలిలా చేతులు మాత్రం చాపి కూర్చుంది.

తిట్టే మొహం నాకు లేదు. దాని వయసులో నేనూ సరిగ్గా అలాగే పెదాలు మడిచి కూర్చున్నాను.

మా ఊరు చిలకలూరిపేటకి బస్సులో ముప్పావుగంట. చుట్టూ నల్లరేగడి, పత్తి అయితే పత్తి, మిరప అయితే మిరప. మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. పేట నుంచి వచ్చే చుట్టాలు కొందరు మమ్మల్ని 'ఉర్దూ రాని సాయిబులు' అని ఎగతాళి చేసేవాళ్లు. మా నానమ్మ ఊరుకునే మనిషి కాదు. "అల్లాకి తెలుగు రాదని మీకెవరు చెప్పారయ్యా?" అని అడిగేది.

వసారాలో దూలానికి తాత విల్లు వేలాడుతుండేది. మనిషి కంటే పొడుగు. దాని నరాన్ని దూదిలో ముంచి కర్రగుండుతో కొడితే టంయ్, టంయ్ మని మోగేది. ఆ దెబ్బకి ఉండలు కట్టిన దూది విడిపోయి పైకి లేచి, నింపాదిగా కిందికి దిగేది. మేం నిద్ర లేచేది ఆ చప్పుడుకి, మధ్యాహ్నం కునుకు తీసేదీ ఆ చప్పుడుకే. తాత కనుబొమల మీద, మీసాల మీద ఎప్పుడూ దూది నూగు ఉండేది. అందువల్ల ఆయన జుట్టు నిజంగా ఎప్పుడు నెరిసిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తాత ఏకిన దూదితో నాయన పరుపులు నింపేవాడు. కుట్టేది మా అత్త, నాయన చెల్లెలు. చారల గుడ్డతో చేసిన పరుపు మీద మఠం వేసుకుని కూర్చుని, జానెడు దబ్బనం ఇటు గుచ్చి అటు లాగుతుంటే అంత దళసరి గుడ్డా చెప్పినట్టు వినేది. నాకు తొమ్మిదేళ్లు, అత్తకి ఇరవై. నన్ను 'పిట్టా' అని పిలిచేది. ఒకే చాప మీద పడుకునేవాళ్లం. అత్త అరచెయ్యి పట్టుకుంటే కానీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆ అరచేతిలో దబ్బనం ఆనే చోట ఒక కాయ కాసి, రేగుగింజంత గట్టిగా ఉండేది. దాన్ని బొటనవేలితో నొక్కుతూ నిద్రపోయేదాన్ని.

మిరపకాయ కల్లాలకి చేరిందంటే ఊరంతా తుమ్మేది. బడిలో పంతులుగారు తుమ్మేవారు, బస్సు కండక్టరు తుమ్మేవాడు. నానమ్మ పండుమిరపకాయలు చింతపండు వేసి రోట్లో తొక్కి, వేడన్నంలో ఆ పచ్చడి కలిపి నెయ్యి వేసేది. అత్త ముద్దలు చేసి పెడుతుంటే నేనూ తమ్ముడూ కళ్ల వెంట ముక్కు వెంట కారుతున్నా చెయ్యి చాపేవాళ్లమే. తిన్నాక ఏకిన దూది గుట్ట మీదికి పరిగెత్తి దూకడం మా పని. "ఒరేయ్, అది ఎవరిదో పెళ్లి పరుపురా!" అని తాత కర్రగుండు ఎత్తేవాడు. ఎత్తడమే కానీ ఎప్పుడూ దించింది లేదు.

పొద్దు గూకాక నానమ్మ నమాజు చేసి, ముసుగు సర్దుకుని చేతులెత్తేది. నమాజులో చదివేదంతా అరబ్బీ. దువా మాత్రం అచ్చ తెలుగు. మేం చుట్టూ కూర్చోవాలి. ఆమె అడగాలి, మేం ఆమీన్ అనాలి.

"అల్లా, మా గేదె ఈసారన్నా పెయ్యదూడని ఈనేట్టు చూడు."

"ఆమీన్!"

"మా ఆయన దగ్గు తగ్గించు. ఆ బీడీలు నువ్వే మాన్పించు. నా మాట వినడు."

"ఆమీన్!" అంటే వసారాలోంచి తాత కావాలని గట్టిగా దగ్గేవాడు.

గోడవతల ఒక రైతు గారి ఇల్లు. ఆ ఇంటావిడని మేం పెద్దమ్మ అనేవాళ్లం. ఆవిడ నానమ్మని అత్తా అని పిలిచేది. సరిగ్గా దువా వేళకి గోడ మీదుగా తల పెట్టేది. "అత్తా, మా కాయ ఇంకా కల్లంలోనే ఉంది. నాలుగు రోజులు వాన పడకుండా ఓ మాట చెప్పు." నానమ్మ కళ్లు తెరవకుండానే ఆ మాటా కలిపేది. "అల్లా, గోడవతలోళ్ల కాయ ఎండేదాకా మబ్బు పట్టనీయకు. ఆనక నీ ఇష్టం." గోడ మీద నుంచి పెద్దమ్మ కూడా ఆమీన్ అని, చెంపలేసుకుని వెళ్లిపోయేది.

నాదీ తమ్ముడిదీ ఎప్పుడూ పోటీ, ఎవరి ఆమీన్ ఎక్కువ దూరం వినపడుతుందా అని. ఒకరోజు తాత విల్లు వరసలో 'ఆ-మీన్, ఆ-మీన్, టంయ్' అని పాడితే నానమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. దువా అయ్యాక దగ్గరికి పిలిచి, అత్త కుట్టి పెట్టిన దిండు ఒకటి ఒళ్లో పెట్టింది.

"కుట్టంతా అయినాక మీ అత్త చివర్న ఏం చేసుద్ది?"

"ముడేసుద్ది."

"ముడెయ్యకపోతే?"

"ఊడిపోయి దూదంతా బయటికొచ్చుద్ది."

"అదీ సంగతి. నేను ఎంతసేపు కుట్టినా ముడెయ్యాల్సింది మీరు. ఆటలాడొద్దు."

ఆ రోజు నుంచి నాకు గొప్ప పెత్తనం వచ్చినట్టయింది. గేదె ఈనడం, పెద్దమ్మ మిరపకాయ ఎండడం, తాత దగ్గు తగ్గడం అన్నీ నా నోటి మీదే ఆధారపడి ఉన్నాయని నమ్మేశాను.

ఆ ఏడే మా మసీదులో ముందు నిలబడి నమాజు చేయించే ఇమాంగా కొత్త హజ్రత్ గారు వచ్చారు. కర్నూలు వైపు మనిషి. పొద్దున్నే మసీదు వసారాలో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కూర్చోబెట్టి నమాజు నేర్పేవారు. మా ఇళ్లలో అప్పటిదాకా ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేవాళ్లు. ఆయన ఒక్కొక్కటే సరిచేశారు. నమాజులో చదివే ఖురాను మొదటి అధ్యాయం, ఫాతిహా సూరా, 'వలద్దాల్లీన్' అని ముగుస్తుంది. అక్కడ ఆగి ఆమీన్ అనాలని, అది కూడా పక్కవాళ్లకి వినపడకుండా లోలోపల అనుకోవాలని చెప్పారు.

"ఆమీన్ అంటే ఏమిటండీ?" అని అడిగాను.

"ప్రభూ, మా మొర ఆలకించు, అలాగే కానియ్యి అని. అడిగినవాడు ఒక్కడే అయినా, ఆమీన్ అన్నవాళ్లంతా అడిగినట్టే."

"లోపల అనుకుంటే అన్నామో లేదో ఎట్టా తెలుసుద్దండీ?"

"వినేవాడికి తెలుస్తుంది బేటీ. పక్కవాళ్లకి తెలియాల్సిన పనేముంది?"

ఆ రెండో మాటే నా బుర్రలో ఉండిపోయింది. పక్కవాళ్లకి తెలియదన్నమాట.

ఆ మాట అక్కరకొచ్చే రోజు ఎంతో దూరంలో లేదు. పొన్నూరు అవతల రైసు మిల్లులో పనిచేసే ఒకతని సంబంధం అత్తకి వచ్చింది. అతనూ, వాళ్ల నాన్నా, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లూ చూడటానికి వచ్చారు. నానమ్మ కోడి కోసి పలావు చేసింది. ఇల్లంతా లవంగాల వాసన. నాకు మాత్రం ముద్ద దిగలేదు. అత్త పెళ్లి చేసుకుంటే పొన్నూరు పోతుందనీ, పొన్నూరు పోతే చాప మీద నేనొక్కదాన్నే ఉంటాననీ ఆ పూటే అర్థమైంది. ఒళ్లు మండిపోయి, గుమ్మం ముందు విడిచిన అతని చెప్పుల్లో ఒకటి తీసుకెళ్లి దూది గుట్టలో పాతిపెట్టాను.

వెళ్లేటప్పుడు చూడాలి సంబరం. పెళ్లికొడుకు ఒంటికాలి చెప్పుతో నిలబడ్డాడు. తాత మంచాల కింద, నాయన సందులో, పెద్దమ్మ గోడవతల, అందరూ వెతుకుతున్నారు. నేను దొంగతనం చేసి ఏది ఎక్కడ దాస్తానో అత్తకి తెలుసు. ఎవరికీ చెప్పకుండా గుట్టలో చెయ్యి పెట్టి చెప్పు తీసి, దూది దులిపి తెచ్చి అతని ముందు పెట్టింది. అతను వంగి ఏదో ఒక్క మాట అన్నాడు. అత్త చెయ్యి చప్పున కొంగులోకి లాక్కుంది. ఆ మాటేంటో నాకు వినపడలేదు.

ఆ సాయంత్రం నుంచి నానమ్మ దువాలో కొత్త మాట చేరింది. "అల్లా, పొన్నూరు సంబంధం కుదిరించు. నా బిడ్డని చల్లని చోట చేర్చు."

అమ్మ, తమ్ముడు, గోడ మీద పెద్దమ్మ, అందరూ ఆమీన్ అన్నారు. నేను పెదాలు మడుచుకున్నాను. నేను ముడి వేయకపోతే ఆ కుట్టు నిలవదు. ఎవరైనా అడిగితే లోపల అనుకున్నానని చెప్పొచ్చు. గేదె గురించి అన్నాను, తాత బీడీల గురించి అన్నాను, పొన్నూరు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాను. రోజూ అంతే. మిరపకాయలు ఎర్రగా ఎండి, ఆడవాళ్లు తెల్లబడ్డ తాలుకాయలు ఏరి, బస్తాలకెత్తేదాకా అంతే.

మూడు వారాలకి పేట నుంచి ఒక చుట్టం కబురు తెచ్చాడు. "వాళ్లు ఇప్పుడే తొందరేం లేదంటన్నారు. కొన్నాళ్లు ఆగమన్నారు." మా వైపు తొందరేం లేదంటే వద్దని మర్యాదగా చెప్పడమే. తాత వసారాలోకి వెళ్లి విల్లు అందుకున్నాడు. నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ దింపేశాడు. పెళ్లికని కిందికి దించి ఉంచిన పెద్ద పలావు గిన్నెలని నానమ్మ తుడిచి అటక మీదికి ఎత్తించింది.

నాకు లోపల పండగ. అత్త ఏదీ అని వెతుక్కుంటూ పోతే దూది బస్తాల వెనక ఉంది. మొహం దూదిలో పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి కానీ చప్పుడు లేదు.

"పోనీలే అత్తా, ఇక్కడే ఉంటావుగా" అన్నాను సంబరంగా.

అత్త మొహం ఎత్తింది. రెప్పలకి దూది అంటుకుని ఉంది. "నీకు చెప్తా, ఎవరికీ చెప్పమాకే పిట్టా. ఆ రోజు చెప్పు ఇచ్చానా, ఆయన నా చెయ్యి చూసి, 'అంత దళసరి గుడ్డ కుడితే చెయ్యి నొప్పెట్టదా?' అన్నాడు." అరచెయ్యి తిప్పి చూసుకుంది. "పదేళ్ల నుంచి కుడుతున్నా. ఆ మాట నన్నెవరూ అడగలేదే."

నేను కూడా అడగలేదు. రోజూ ఆ కాయ నొక్కుతూ నిద్రపోయిన దాన్ని, నేను కూడా అడగలేదు. ఆ రాత్రి అత్త చెయ్యి పట్టుకోవడానికి నాకు సిగ్గేసింది.

సంబంధం పోయింది నా వల్లనే. అందులో నాకు అనుమానమే లేదు. ముడి నేను వదిలేశాను, దూదంతా బయటికొచ్చేసింది. మర్నాటి నుంచి తెగ ఆమీన్లు అన్నాను. బడికి పోతూ అన్నాను, నీళ్ల బిందె మోస్తూ అన్నాను. కానీ నానమ్మ దువాలో పొన్నూరు మాట ఆగిపోయింది. అడిగేవాళ్లు లేకుండా ఆమీన్ ఒక్కటీ దేనికి పనికొస్తుంది?

అప్పుడే ఒకరోజు పాఠంలో హజ్రత్ గారు చెప్పారు. ఇమాం 'వలద్దాల్లీన్' అన్నప్పుడు పైన దేవదూతలు కూడా ఆమీన్ అంటారట. మన ఆమీన్ వాళ్ల ఆమీన్‌తో సరిగ్గా కలిస్తే, వెనక చేసిన తప్పులన్నీ మాఫీ అవుతాయట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కూర్చుంటే దేవదూతలు ఎప్పుడంటారో ఎలా తెలుస్తుంది? శుక్రవారం నమాజులో అయితే హజ్రత్ గారు పైకే చదువుతారు. పైగా ఆ నెలలోనే మసీదుకి మైకు పెట్టారు. లోలోపల అనుకోవాలన్న నియమం నాకు గుర్తుంది. కానీ ఇన్నాళ్లు మూసుకున్న నోటికి లోలోపల అనుకుంటే చాలదనిపించింది. దేవదూతలకి వినపడేంత గట్టిగా అనాలి.

శుక్రవారం మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి మసీదు పడమటి గోడ వెనక్కి చేరాను. ఇమాం నిలబడే చోటుకి పక్కనే ఒక కిటికీ. కింద నాలుగు ఇటుకలు పేర్చుకుని ఎక్కాను. లోపల మగవాళ్లు వరసలు కట్టి నిలబడ్డారు. మొదటి వరసలోనే తాత, మీసాల మీద దూదితో. నాకు మూరెడు దూరంలో మైకు ఉందని నేను గమనించలేదు.

హజ్రత్ గారు చదువుతున్నారు. నేను వేళ్లతో కిటికీ ఊచలు పట్టుకుని ఊపిరి బిగపట్టాను. "...వలద్దాల్లీన్."

మసీదంతా నిశ్శబ్దమైపోయింది. అందరూ లోపల అనుకుంటున్నారు.

"ఆ...మీ...న్!"

కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. నా గొంతు నాకే పైనుంచి వినపడింది. మసీదు మీది మైకు దాన్ని పట్టుకుని ఊరి మీదికి, ఊరు దాటి కల్లాల మీదికి విసిరేసింది. లోపల ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో దగ్గారు. హజ్రత్ గారు ఒక్క క్షణం ఆగి, ఏమీ జరగనట్టే తర్వాతి సూరా మొదలుపెట్టారు. నేను ఇటుకల మీద నుంచి పడి, మోకాళ్లు దోక్కుపోయి, ఒకటే పరుగు. కల్లాల దగ్గర రెండో కోత కాయలు ఏరుతున్న ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. "ఏమ్మే, మైకులో అరిచింది నువ్వేనా? మా కాయకి మంచి రేటు రావాలని కూడా ఒకసారి అరవ్వే!"

తాత ఇంటికొచ్చి నా మొహం చూడకుండా వసారాలో మంచమెక్కాడు. విల్లు ముట్టుకోలేదు. మసీదు మెట్ల దగ్గర నలుగురు ఆయన్ని నిలబెట్టి అడిగారట, ఆడపిల్ల గొంతు మైకులో ఏంటనీ, పెద్దగా అనడం మన పద్ధతేనా అనీ. ఎన్నడూ మాట పడని మనిషి. అది చూస్తే మోకాళ్ల మంట కంటే ఎక్కువ బాధేసింది.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక హజ్రత్ గారే మా ఇంటికి వచ్చారు. నానమ్మ బెల్లం టీ ఇచ్చింది. ఆయన ఊదుకుంటూ సగం తాగి, తాతతో అన్నారు. "పెద్దాయనా, మనసు కష్టపెట్టుకోకండి. కొన్ని ఊళ్లలో మసీదు మసీదంతా ఒక్క గొంతుతో పెద్దగానే అంటారు. మనం లోపల అనుకుంటాం. రెండూ పెద్దలు చూపిన దార్లే. మీ పిల్ల ఊరు తప్పింది, అంతే."

తాత మీసాల కింద నవ్వు కదిలింది.

"అయితే బేటీ, అంత గట్టిగా ఎందుకన్నావు?"

నేను నేల చూశాను. ఆయన రెట్టించలేదు. "ఒక సంగతి చెప్తాను విను. మూసా ప్రవక్త చేతులెత్తి అడిగాడు. అన్న హారూన్ పక్కన నిలబడి ఆమీన్ అన్నాడు. అడిగింది ఒక్కడే. అయినా, మీ ఇద్దరి మొరా విన్నానని పైనుంచి జవాబొచ్చింది. ఆమీన్ అంటే అంత విలువ."

ఆయన నన్ను ఓదారుద్దామనే చెప్పారు. నాకేమో ఇంకో లెక్క తోచింది. అన్నవాళ్లు అడిగినట్టే అయితే, నోరు మూసుకున్నవాళ్లు వద్దన్నట్టే కదా.

ఆ సాయంత్రం నానమ్మ చేతులెత్తగానే, "ఆగు నానమ్మా" అన్నాను. అత్త గేదె దగ్గర పాలు పితుకుతోంది, వినపడదు. మొత్తం చెప్పేశాను. పొన్నూరు మాట వచ్చినప్పుడల్లా నోరు మూసుకున్నానని, సంబంధం నేనే చెడగొట్టానని, దేవదూతలతో కలిపి అంటే మాఫీ అవుతుందని అరిచానని. చెబుతూనే వెక్కిళ్లు.

నానమ్మ ఎత్తిన చేతులు దించి, కొంగుతో నా ముక్కు తుడిచింది.

"తెలుసులేవే."

"ఎట్టా తెలుసు?"

"నీ ఆమీన్‌కి మన గేదె ఉలిక్కిపడుద్ది. పొన్నూరు మాట కాడ అది నెమరేస్తా హాయిగా ఉంటే నాకు తెలవదా?"

"మరి తిట్టలేదే?"

"తిడితే అంటావు. నోటితో అంటావు. ఇష్టం లేని ఆమీన్ అనిపిస్తే నీ చేత అబద్ధం ఆడించినట్టే గదా. అందుకని నీ వంతు నేనే అన్నా. నాదొకటి, నీదొకటి. రోజూ రెండు."

వెక్కిళ్లు ఆగిపోయాయి. "ఒకళ్ల వంతు ఇంకోళ్లు అనొచ్చా?"

"ఏమో. హజ్రత్ గారిని అడగలా. అడిగితే కూడదంటాడేమోనని."

"నా వల్లే పోయిందా నానమ్మా?"

"ఓసి పిచ్చిదానా! ఇంత మూతి నువ్వు మూసుకుంటే ఆ పైనున్నాయన తలుపు మూసుకుంటాడా ఏందే? పసిపిల్లల మీద అలిగేవాడైతే రోజుకి ఐదుసార్లు నేనెందుకు వంగుతా?" అని, నా గడ్డం పట్టుకుని అడిగింది. "ఇప్పుడంటావా మరి? మనసొప్పిందా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అత్త వెళ్లిపోతే చాప ఎంత ఖాళీగా ఉంటుందో తలుచుకున్నాను. రెప్పలకి దూది అంటిన అత్త మొహం తలుచుకున్నాను. "సగం ఒప్పింది" అన్నాను.

"సగం చాలు. మిగతా సగం నేను కలుపుతా."

మళ్లీ చేతులెత్తింది. నెల రోజులుగా ఆగిపోయిన పొన్నూరు మాట మళ్లీ అడిగింది. నేను ఆమీన్ అన్నాను. గేదె ఉలిక్కిపడింది.

ఎండలు ముదిరాక పొన్నూరు వాళ్లే బస్సు దిగారు. పెళ్లికొడుకు నాన్నకి గుండెనొప్పి వచ్చి నెలపైన ఆసుపత్రిలో ఉన్నారట. సంబంధం అనుకోగానే ఇలా అయిందంటే పిల్ల పాదం మంచిది కాదని ఎవరైనా అంటారేమోనని, సంగతి చెప్పకుండా ఆగమన్నారట. అలా ఆగమన్నది పెళ్లికొడుకే. అది విని నాకు మొదటిసారి అతని మీద ఇష్టం కలిగింది. చెప్పులు మాత్రం ఈసారి తమ్ముడు దాచాడు.

పెళ్లి మా వాకిట్లోనే. తాటాకు పందిరి, మధ్యలో దుప్పటి అడ్డం కట్టి అటు మగవాళ్లు, ఇటు ఆడవాళ్లు. అత్త చేతులకి గోరింటాకు పెట్టింది అమ్మ. అరచేతంతా ఎర్రగా పండితే, కాయ ఉన్నచోట మాత్రం నల్లగా పండింది. నేను ఆ చేతిని వదల్లేదు. నికా చదివించాక అవతల హజ్రత్ గారు దువా అందుకున్నారు. ఇద్దరి మధ్యా ప్రేమ ఉండాలన్నారు, వాళ్ల ఇల్లు చల్లగా ఉండాలన్నారు. ఒక్కొక్క మాటకీ పందిరి కింద ఆమీన్, ఆమీన్ అని వినపడుతోంది. గోడ మీద నుంచి పెద్దమ్మ గొంతు కూడా.

నేను అన్నాను. అరవలేదు, లోపలా దాచుకోలేదు. మామూలుగా మాట్లాడే గొంతుతో, ఏడుస్తూ అన్నాను. ముసుగు కింద నుంచి అత్త నా చెయ్యి నొక్కింది.

అప్పుడు నానమ్మ వైపు చూశాను. ఆమె పెదాలు ఒకసారి కదిలాయి. ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత ఇంకోసారి కదిలాయి. నా వంతు నేను అనేశాను కదా, ఇంకా రెండోది ఎవరికోసం అంటోందా అనుకున్నాను. అడుగుదామనుకుని, పలావు వడ్డించే హడావుడిలో మర్చిపోయాను.

ఆ వాకిలి ఇప్పుడు లేదు. పేటలో దూదేకే యంత్రాలొచ్చాయి, తర్వాత స్పంజి పరుపులొచ్చాయి. విల్లు నరం తెగాక తాత మళ్లీ కట్టలేదు, కొన్నాళ్లకి దాని మీద బట్టలు ఆరేసుకున్నాం. నానమ్మ, తాత, అమ్మానాయనలు, గోడవతలి పెద్దమ్మ, ఎవరూ లేరు. అత్త ఉంది, పొన్నూరులో. పెళ్లయ్యాక కూడా పరుపులు కుట్టింది కానీ, గుడ్డ దళసరిగా ఉన్నచోట దబ్బనం ఆయన గుచ్చితే అత్త లాగేదట. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ కాయ ఎప్పుడో కరిగిపోయిందని ఫోనులో చెబుతుంటుంది.

పోయిన వారం మనవరాలి పెదాలు చూసినప్పుడు ఇదంతా తిరిగింది నా కళ్ల ముందు. ఏం చేయాలో నాకు తెలుసు. దాని వంతు నేను అనాలి, నా వంతు నేను అనాలి, రెండూ. అందాకా సులువే అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే, నాది రాలేదు. కూతురు వెళ్లాలని నాలుకతో అడిగాను, నిజమే. వెళ్లకుండా ఉంటే బాగుండునని లోపల ఒకటే గొడవ. చేతులు చాపుకుని అలాగే కూర్చుంటే, పందిరి కింద నానమ్మ పెదాలు గుర్తొచ్చాయి. ఒకసారి కదిలి, చాలాసేపు ఆగి, మళ్లీ కదిలిన పెదాలు. అత్త నాకు అత్త. నానమ్మకి కన్నకూతురు, ఆఖరి బిడ్డ, ఇంటి నిండా ఉన్న బిడ్డ. నాదొకటి, నీదొకటి అని చెప్పినప్పుడు, ఆ రెంటిలో ఏది బరువో ఆమె నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు.

మనవరాలు ఓరగా నన్నే చూస్తోంది, తిడతానేమోనని. దాని తల మీద చెయ్యి వేశాను.

దాని వంతు ముందు అనేశాను. నాది రావడానికి చాలాసేపు పట్టింది.